అంట్లు తోమని ఆవిడ

బొమ్మల మ్యూజియానికి వచ్చే బడిపిల్లలకి అన్నిటికంటే నచ్చేది లిఫ్టు. ఆ తర్వాత నున్నటి నేల, జారడానికి. ఆ తర్వాత నీళ్ళ మిషను, అందులో చల్లనివీ వేడివీ రెండూ వస్తాయి కాబట్టి. గోడలకి వేలాడే బొమ్మల వంతు చాలా ఆలస్యంగా వస్తుంది, అదీ వస్తే. పోనీ పెద్దవాళ్ళేమైనా తక్కువ తిన్నారా అంటే అదీ లేదు. వాళ్ళు బొమ్మ పక్కన అంటించిన చీటీ చదువుతారు, ఒక్కసారి తలెత్తి బొమ్మ వంక చూసి, అవును అదే అన్నట్టు తల ఊపి, తర్వాతి చీటీ దగ్గరికి నడుస్తారు. బొమ్మ వేసినవాడు నెలల తరబడి కళ్ళు పోగొట్టుకుని వేసి ఉంటాడు, చీటీ రాసినవాడు టీ చల్లారేలోపు రాసి ఉంటాడు. జనం చదివేది మాత్రం చీటీనే.

ఈ సంగతి బాగా తెలిసిన మనిషి కాబట్టే, అక్కడ పిల్లలకి బొమ్మలు చూడటం నేర్పే ఆవిడ పొద్దున్నే వచ్చి మొదట చేసే పని, చీటీ మీద తెల్ల కాగితం అంటించి కప్పేయడం. ఆవిడని పిల్లలు బొమ్మలమ్మ అంటారు. ఎవరు మొదలుపెట్టారో తెలీదుగానీ, ఇప్పుడు టికెట్ల కిటికీ దగ్గర కూర్చునే అమ్మాయి కూడా అలాగే పిలుస్తుంది.

బొమ్మలమ్మ పద్ధతే వేరు. పిల్లల్ని హాలు హాలుకీ తిప్పదు. ఒకే ఒక్క బొమ్మ ముందు చాపలు పరిచి కూర్చోబెడుతుంది. వెంట వచ్చిన టీచర్లు గొణుక్కుంటారు, ఇంత దూరం బస్సు కట్టించుకుని వచ్చింది ఒక్క బొమ్మ కోసమా అని. ఆ గొణుగుడు ఆవిడ చెవిన వేసుకోదు. ముందు కాసేపు ఎవరూ నోరు విప్పకూడదు. ఆ తర్వాత ఒకటే ప్రశ్న, ఏం కనిపిస్తోంది అని. ఎవరేం చెప్పినా ఆవిడ ఔననదు, కాదనదు. "ఎక్కడ చూసి అన్నావు?" అంటుంది. అన్నవాళ్ళు లేచి వెళ్ళి, వేలు బొమ్మకి తగలకుండా గాల్లో చూపించాలి. చూపించలేకపోతే ఆ మాట చెల్లదు. చివర్లో రాతబల్లల్లాంటి అట్టలూ, తెల్ల కాగితాలూ, పెన్సిళ్ళూ పంచుతుంది. పెన్నులకీ రంగులకీ ఆ హాల్లో ప్రవేశం లేదు. ఈ బొమ్మలో కాసేపటి తర్వాత ఏం జరుగుతుందో గీయండి అంటుంది. ఇక ఎవరి బుర్ర వాళ్ళది.

ఇదంతా జరుగుతున్నంతసేపూ ఆవిడ బొమ్మకి పక్కగా, దానికి వీపు పెట్టి నిలబడుతుంది. బొమ్మను చూసే పని పిల్లలది, పిల్లల్ని చూసే పని ఆవిడది. ఏ పిల్లాడి కళ్ళు ఎక్కడ ఆగాయో, ఎవరు చెప్పాలనుకుని నీళ్ళు నములుతున్నారో కనిపెట్టాలంటే మొహాలు కనపడాలి మరి.

ఆవిడ ఎక్కువగా వాడే బొమ్మ పెద్దదేమీ కాదు. ఒక వంటగది. కిటికీ కింద సింకు. సింకు ముందు, మనకి వీపు పెట్టి నిలబడ్డ ఒక ఆడమనిషి. వెనక బల్ల దగ్గర గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఆ వీపు వంకే చూస్తున్న ఒక పిల్ల. పిల్ల ముందు ఖాళీ గిన్నె. చీటీ మీద 'అంట్లు తోముతున్న స్త్రీ' అని ఉంటుంది. ఉద్యోగంలో చేరిన మొదటిరోజు బొమ్మలమ్మ ఆ చీటీ చదివింది. ఆ తర్వాత ఎన్ని బళ్ళు వచ్చి వెళ్ళాయో, ఎంతమంది పిల్లలకి ఆ బొమ్మ చూడటం నేర్పిందో ఆవిడకే గుర్తు లేదు.

వేసవి చివర్లో ఆవిడ భర్త పోయాడు. ఆయన ప్రెస్సులో మిషను నడిపేవాడు. ఒక మధ్యాహ్నం భోజనం చేసి, మెట్లెక్కుతూ మధ్యలో కూర్చుని, "మీరు పదండి, కాస్త ఆగి వస్తా" అన్నాడట తోటివాళ్ళతో. వాళ్ళు వెళ్ళారు. ఆయన రాలేదు.

ఆయన పోయినప్పుడు బొమ్మలమ్మకి ఏడుపు రాలేదు. మొదట్లో అందరూ పాపం దిమ్మెరపోయింది అన్నారు. తర్వాత గట్టి మనిషి అన్నారు. ఆ తర్వాత ఏమీ అనకుండా ఒకరి మొహాలు ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు. లోకానికి ఏడ్చేవాళ్ళతో పేచీ లేదు, ఎంతసేపు ఏడ్చినా మంచినీళ్ళిచ్చి పక్కన కూర్చుంటుంది. ఏడవని మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలో దానికి తెలీదు. ఆవిడ మాత్రం కావాలని ఏం చేసింది? రావాల్సిన బస్సు కోసం చూసినట్టు ఆ ఏడుపు కోసం చూసింది. రాలేదు. పొయ్యి మీద పాలు పొంగుతుంటే చూస్తూ నిలబడేది. కూరలో ఉప్పుందో లేదో నాలిక్కి తెలిసేది కాదు. ఒకసారి కాలిన పెనం అంచు చేతికి తగిలితే, చెయ్యి తీయాలని గుర్తుకు రావడానికే కాస్త సమయం పట్టింది. పనికి మాత్రం రోజూ వచ్చేది. అవే చాపలు, అదే ప్రశ్న, అదే నిలబడటం. ఎవరికీ తేడా తెలీలేదు.

ఇంట్లో ఆవిడతో పాటు మిగిలింది గువ్వ. గువ్వ అన్నది వాళ్ళ నాన్న పెట్టిన ముద్దుపేరు, అదే నిలబడిపోయింది. బొమ్మలమ్మ కడుపున పుట్టిన పిల్ల కాదు. పిల్లకి ఊహ తెలియకముందే కన్నతల్లి పోతే, దానికి పాలపళ్ళు ఊడే వయసులో ఈవిడ ఆ ఇంటికి వచ్చింది. పిల్ల పిన్నీ అని పిలిచింది, ఈవిడ పలికింది. గొడవల్లేవు, అలకల్లేవు, అలాగని ఒకరి మీద ఒకరు పడిపోవడమూ లేదు. ఆ ఇంట్లో మాటలన్నీ ఆయన మీదుగా నడిచేవి. "మీ పిన్నికి నీ జడ నచ్చలేదట" అని ఇటూ, "అమ్మాయికి నీ పప్పు నచ్చలేదు, నాతో చెప్పొద్దంది" అని అటూ ఉన్నవీ లేనివీ చేరేసి, ఇద్దరూ కలిసి తనని తిట్టేదాకా వదిలేవాడు కాదు. ఆయన పోయాక ఆ ఇంట్లో మర్యాదగా మసలుకునే మనుషులు ఇద్దరు మిగిలారు.

పిల్లకి ఒక మేనత్త ఉంది. ఆయనకి అక్క. వేరే ఊళ్ళో కాపురం. మనసు వెన్న, నోరు మైకు. తమ్ముడు పోయిన దగ్గర్నుంచీ ఆవిడ ఫోను చేయడం, ఏడవడం, పెట్టేయడం, మర్చిపోయిన మాట గుర్తొచ్చి మళ్ళీ చేయడం. పోయిన వారం చేసినప్పుడు అసలు సంగతి బయటపెట్టింది.

"చూడమ్మా, నేను ఉన్నమాట అంటాను, ఏమీ అనుకోకు. పిల్లని నా దగ్గరికి తెచ్చుకుంటా. నా తమ్ముడి రక్తం అది. నీకేమో ఇంకా వయసుంది. కన్నపిల్లా కాదు. నిన్ను కట్టిపడేయడం నాకూ న్యాయం కాదు. ఆదివారం వచ్చి తీసుకెళ్తాను. ఏమంటావు?"

"మీ ఇష్టం వదినా," అంది బొమ్మలమ్మ.

వద్దని పేచీ పెడుతుందనో, కనీసం గొంతు వణుకుతుందనో వదినగారు అనుకుని ఉంటుంది. ఏదీ లేకపోయేసరికి, "సరే అయితే, బట్టలు సర్ది ఉంచు," అని పెట్టేసింది. బొమ్మలమ్మ ఫోను బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగితే గదిగుమ్మంలో గువ్వ నిలబడి ఉంది. చేతిలో దువ్వెన. లోపలికెళ్ళి తనే జడ వేసుకుంది, వంకరగా.

ఆ మాట అన్నందుకు బొమ్మలమ్మ తర్వాత రెండు మూడుసార్లు తనని తాను తరచి చూసుకుంది. పిల్ల వెళ్ళిపోతే బాధగా ఉంటుందా? తెలీలేదు. ఉంటే బాగుంటుందా? అదీ తెలీలేదు. లోపల ఏదో ఒక మూల నుంచి జవాబు వస్తుందని చెవి ఒగ్గి కూర్చుంది. గోడతో మాట్లాడినట్టే ఉంది. వదిన చెప్పిన దాంట్లో తప్పేముంది? అక్కడ ఇల్లు నిండా మనుషులు, పెట్టేవాళ్ళు, ఎత్తుకునేవాళ్ళు. ఇక్కడ పాలు పొంగినా పొయ్యి కట్టేయని మనిషి. ఆ లెక్కన పిల్లని పంపేయడమే మంచిదని నిర్ణయించుకుని, అటక మీంచి పెట్టె దించి దుమ్ము తుడిచి పెట్టింది.

గువ్వ వాళ్ళ క్లాసు మ్యూజియానికి వచ్చే రోజు ఆ ఆదివారానికి ముందే పడింది. అది ఆయన పట్టుబట్టి ఒప్పించిన వ్యవహారం. వసంతంలోనే హెడ్మాస్టరు దగ్గరికెళ్ళి, "మా ఆవిడ దగ్గరికి ఊళ్ళో పిల్లలంతా వస్తారు, మా పిల్ల క్లాసు తప్ప" అని నవ్వుతూనే పోట్లాడి తేదీ ఖాయం చేయించాడు. ఆరోజు తనూ సెలవు పెట్టి వస్తానని, వెనక కూర్చుని తప్పుడు జవాబులు చెప్తానని బెదిరించాడు కూడా.

ఆరోజు పొద్దున పిల్ల బడికీ, ఆవిడ పనికీ ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు. కాసేపటికి పిల్లలంతా మ్యూజియానికి వచ్చారు. లిఫ్టు కోసం తోపులాట అయింది, నీళ్ళ మిషను దగ్గర వరస కట్టడం అయింది. కాపలా పెద్దాయన ఎప్పటిలాగే పెన్సిలు పొట్టు నేల మీద పడితే ఊరుకోనని హెచ్చరించాడు. క్లాసు టీచరమ్మ సన్నగా పొడుగ్గా ఉంటుంది, ఎప్పుడూ తలలు లెక్కపెడుతూనే ఉంటుంది. ఆవిడ బొమ్మలమ్మ దగ్గరికొచ్చి చెయ్యి నొక్కి, మళ్ళీ తలలు లెక్కపెట్టుకోవడానికి వెళ్ళింది. గువ్వ చివరి వరసలో, గోడ పక్కన కూర్చుంది. మిగతా పిల్లలతో పాటు తనూ "గుడ్ మార్నింగ్ మేడం" అంది. పిన్నిని మేడం అంటుంటే ఎలా ఉంటుందో చూద్దామని బొమ్మలమ్మ లోపల వెతుక్కుంది. ఏమీ అనిపించలేదు.

అందరూ నోళ్ళు మూసుకుని చూసిన తర్వాత ఆవిడ ఎప్పటి ప్రశ్నే అడిగింది. వంటగది అన్నారు. సింకు చూపించారు, పొయ్యి చూపించారు. కిటికీలోంచి ఎండ వస్తోందన్నారు, నేల మీద పడ్డ వెలుగు ముక్క చూపించారు. ముందు వరసలో ఒక తుంటరివాడు ఎప్పట్నుంచో చెయ్యెత్తి ఊపుతున్నాడు.

"దెయ్యం మేడం."

"ఎక్కడ చూసి అన్నావు?"

వాడు లేచి వెళ్ళి సింకు ముందున్న మనిషిని చూపించాడు. "మొహం కనపడట్లేదుగా. దెయ్యాలు ఇలాగే అటు తిరిగి నిలబడతాయి. మనం పిలిస్తే అప్పుడు తిరుగుతాయి."

పిల్లలు పడీ పడీ నవ్వారు. బొమ్మలమ్మ నవ్వలేదు, కసరలేదు. మొహం కనపడట్లేదన్న మాట నిజమే కాబట్టి ఆ మేరకు ఒప్పుకుని వాణ్ణి కూర్చోమంది. వాడి పక్కనున్న కళ్ళద్దాల పిల్లకి ఇదేమీ నచ్చలేదు. క్లాసులో మంచిమార్కులన్నీ తనవేనని మొహంలోనే తెలుస్తోంది.

"దెయ్యమేంటి మేడం, ఆవిడ అంట్లు తోముతోంది," అంది కుండ బద్దలు కొట్టినట్టు.

"ఔను, తోముతోంది," అంది బొమ్మలమ్మ.

అలా అనడం ఆవిడ పద్ధతికే విరుద్ధం. ఇన్నేళ్ళలో ఏ పిల్లకీ ఔనని చెప్పింది లేదు. ఇవాళ నోరు తనంతట తానే అనేసింది, రోజూ చేతులు తమంతట తాము తాళం వేసినట్టు. అన్న సంగతి ఆవిడకీ తట్టలేదు. తర్వాతి ప్రశ్నకి వెళ్ళబోతుంటే చివరి వరసలోంచి ఒక చెయ్యి లేచింది. గువ్వది.

"తోమట్లేదు మేడం."

"ఎక్కడ చూసి అన్నావు?"

గువ్వ చాపల మధ్యలోంచి, ఎవరి కాళ్ళూ తొక్కకుండా ముందుకి వచ్చింది. చేతులు వెనక్కి పెట్టుకుని ముందు ఒకసారి మళ్ళీ చూసింది. తర్వాత వేలెత్తి ఒక్కొక్కటే చూపించింది.

"గిన్నెలన్నీ స్టాండులో ఉన్నాయి. ఆరిపోయి ఉన్నాయి. కిటికీకి అంత దగ్గరగా ఉన్నా ఒక్కటీ మెరవట్లేదు. తుండు కొక్కేనికే ఉంది, మడత కూడా నలగలేదు. కుళాయి కట్టేసి ఉంది. ఆవిడ మోచేతులు చూడండి, తిన్నగా ఉన్నాయి. తోమితే వంగాలి కదా. ఇక్కడ వేళ్ళు కనిపిస్తున్నాయి, సింకు అంచు పట్టుకుని ఉన్నాయి."

బొమ్మలమ్మ వెనక్కి తిరిగి బొమ్మని చూసింది. నిజం చెప్పాలంటే, చూడటం అదే మొదటిసారి. చీటీ మీద కాగితం అంటించి ఊళ్ళో పిల్లలందరి కళ్ళూ తెరిపించిన మనిషి, తను మాత్రం మొదటిరోజు చదివిన చీటీనే ఇన్నేళ్ళుగా చూస్తూ ఉంది. మోచేతులు తిన్నగానే ఉన్నాయి. వేళ్ళు సింకు అంచుని గట్టిగా పట్టుకుని ఉన్నాయి, ఎంత గట్టిగానంటే గోళ్ళ దగ్గర తెల్లరంగు వాడాడు వేసినవాడు.

క్లాసు టీచరమ్మ మెల్లగా గోడ దగ్గరికెళ్ళి, కాగితం మూల ఎత్తి చీటీ చదివింది. "కానీ ఇక్కడ అంట్లు తోముతున్నట్టే రాశారండీ," అంది ఇబ్బందిగా.

"చీటీ రాసినాయన బొమ్మ చూసి ఉండడు మిస్," అన్నాడు తుంటరివాడు.

బొమ్మలమ్మ ఇంకా బొమ్మ వంకే చూస్తోంది. "మరి ఆవిడ ఏం చేస్తోంది?" అని అడిగింది.

"ఏమీ చేయట్లేదు. ఊరికే నిలబడింది," అంది గువ్వ.

"ఎందుకు?"

ఎందుకన్న ప్రశ్న ఆవిడ ఎప్పుడూ అడగదు, దానికి వేలు పెట్టి చూపించే జవాబు ఉండదు కాబట్టి. గువ్వ కాస్త ఆలోచించింది.

"వెనక్కి తిరిగితే పిల్ల ఏమైనా అడుగుతుందని."

"ఎక్కడ చూసి అన్నావు?" అన్నాడు తుంటరివాడు. ఆట నియమం వాడికి బాగా పట్టుబడింది.

గువ్వ బొమ్మంతా మళ్ళీ ఒకసారి వెతికింది. ఆ మూల నుంచి ఈ మూల దాకా చూసి, "ఇందులో లేదు," అని ఒప్పుకుని వెళ్ళి తన చోట కూర్చుంది. చూపించలేదు కాబట్టి ఆ మాట చెల్లలేదు. తుంటరివాడు గెలిచినట్టు పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు.

అది ఎక్కడుందో బొమ్మలమ్మకి తెలుసు. రోజూ సాయంత్రం తిండి అయ్యాక, ఆవిడ అంట్లు తోమేసి, కుళాయి కట్టేసి, అక్కడే నిలబడిపోతుంది. గిన్నెలు ఆరేదాకా నిలబడిన రోజులున్నాయి. వెనక బల్ల దగ్గర పిల్ల పుస్తకం పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. పేజీలు తిప్పుతోందంటే చదువుకుంటోందని అనుకునేది. ఆ చప్పుడు ఆగిపోయి, కుర్చీ జరిగి, పిల్ల పడుకోవడానికి వెళ్ళాకే ఈవిడ ఇటు తిరిగేది.

అట్టలూ పెన్సిళ్ళూ కళ్ళద్దాల పిల్ల పంచిపెట్టింది. కాసేపటి తర్వాత ఏం జరుగుతుందో గీయమని బొమ్మలమ్మ చెప్పింది, ఎప్పటి గొంతుతోనే. పిల్లలు అట్టల మీదికి వంగారు. ఆవిడ వాళ్ళ వెనకగా నడుస్తూ చూసింది. చాలామంది ఆ మనిషిని ఇటు తిప్పేశారు, చేతిలో వేడివేడిగా ఏదో పెట్టారు, పైన పొగ గీతలు గీశారు. ఒకడు కిటికీలోంచి కుక్కని దూకించాడు. తుంటరివాడి కాగితంలో దెయ్యం ఇటు తిరిగింది, దానికి బోలెడన్ని పళ్ళున్నాయి. కళ్ళద్దాల పిల్ల ఆవిడ చేతికి అంట్లగిన్నె ఇచ్చి మరీ తోమిస్తోంది, తన మాట తప్పయిందన్న ఉక్రోషం కొద్దీ.

గువ్వ కాగితంలో వంటగది అచ్చు బొమ్మలో ఉన్నట్టే ఉంది. అదే కిటికీ, అవే గిన్నెలు, అదే వీపు, అవే తిన్నని మోచేతులు. బల్ల దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది. బల్ల మీద గిన్నె లేదు.

కళ్ళద్దాల పిల్ల మెడ సాచి చూసింది. "పిల్ల ఏదే?"

"వెళ్ళిపోయింది. వాళ్ళత్త వచ్చి తీసుకెళ్ళింది."

"మరి ఆవిడేంటి ఇంకా అలాగే ఉంది?"

"ఆవిడకింకా తెలీదు," అంది గువ్వ పెన్సిలు ఆపకుండా. "ఇంకా చూడలేదు."

బొమ్మలమ్మ సరిగ్గా ఆ పిల్ల వెనకే నిలబడి ఉంది. ఇప్పుడైనా ఏదో వస్తుందని ఎదురుచూసింది. కళ్ళు చెమర్చలేదు. మెల్లగా ఖాళీ చాప మీద, పిల్లల మధ్య కూర్చుండిపోయింది. కాపలా పెద్దాయన గబగబా వచ్చి నీళ్ళు కావాలా అని అడిగాడు. అక్కర్లేదంది. కింద కూర్చుని చూస్తే ఆ వంటగది ఇంకా పెద్దదిగా కనిపించింది, ఆ పిల్ల ఇంకా చిన్నదిగా.

క్లాసు ముగిసింది. పిల్లలు మళ్ళీ లిఫ్టు దగ్గరికి పరిగెత్తారు. తలలు లెక్కపెట్టుకుంటున్న టీచరమ్మ దగ్గరికెళ్ళి, గువ్వని తనతో ఉంచేసుకుంటానని బొమ్మలమ్మ అడిగింది. టీచరమ్మ సరేనని లెక్కలో ఒకటి తగ్గించుకుని వెళ్ళింది.

సామాన్లు దాచుకునే గది బయట ఒక బెంచీ ఉంది. ఇద్దరూ అక్కడ కూర్చున్నారు. గువ్వ బడిసంచి ఒళ్ళో పెట్టుకుంది.

"కోపమొచ్చిందా పిన్నీ?"

"లేదు."

అదీ నిజమే. కోపమైనా వచ్చి ఉంటే ఆవిడకి బాగుండేది. అక్కడ అబద్ధం ఆడటానికి ఎంత వీలుందో ఆవిడకి తెలుసు. నువ్వంటే నాకు ప్రాణం తల్లీ అని దగ్గరికి తీసుకోవచ్చు. పిల్లలు నమ్ముతారని పెద్దవాళ్ళ నమ్మకం. ఈ పిల్ల మోచేతులు చూసి మనిషిని చెప్పే పిల్ల.

"గువ్వా, ఒక మాట చెప్తాను. నీతో అనొచ్చో అనకూడదో నాకు తెలీదు. మీ నాన్న పోయిన దగ్గర్నుంచీ నాకేమీ అనిపించట్లేదు. ఏడుపు రావట్లేదు, కోపం రావట్లేదు. ఆకలైనా గడియారం చూసి తెలుసుకుంటున్నా. నిన్ను చూసినా అంతే. నీ మీద ఏదో ఉండి కాదు. దేనిమీదా ఏమీ లేదు. అందుకే అత్త అడిగితే మీ ఇష్టం అన్నాను." ఊపిరి తీసుకుంది. "అయినా సరే, నువ్వు వెళ్ళొద్దు."

గువ్వ సంచి జిప్పు సగం తీసి, మళ్ళీ పెట్టింది. లోపల హాల్లో ఎవరో పెద్దవాళ్ళు చీటీలు పైకి చదువుకుంటూ నడుస్తున్నారు.

"నాక్కూడా అంతే పిన్నీ," అంది.

"ఏంటి?"

"ఏమీ అనిపించట్లేదు. నాన్న పోయినప్పుడు అత్త వాళ్ళింటివాళ్ళందరూ నన్ను పట్టుకుని ఏడిచారు కదా. నేను వాళ్ళ భుజం మీద కుట్లు చూస్తూ ఉన్నా. ఎవరి జాకెట్టుకి ఏ రంగు దారమో ఇప్పుడు అడిగినా చెప్తా. నేను ఏడవకపోతే, పాపం పసిదానికి ఏం అర్థమవుతుందిలే అంటారు. నాకు అర్థమైంది పిన్నీ. నాన్న రాడు. ఏడుపు రావట్లేదు, అంతే. అక్కడికెళ్తే రోజూ ఎవరో ఒకళ్ళు నా మొహం చూసి మొదలుపెడతారు. నీ దగ్గరైతే ఏడవకపోయినా ఏమీ అనవు."

బొమ్మలమ్మ పిల్ల మొహం చూసింది. పిల్లల మొహాలు చూడటమే తన పని అని చెప్పుకునే మనిషికి ఇన్ని నెలలుగా ఈ ఒక్క మొహం కనపడలేదు. తనలో ఏదో పాడైపోయిందనీ, అది పిల్లకి అంటకుండా దూరం పంపేయాలనీ అనుకుంది. పిల్లేమో అదే ఇంట్లో, అదే బల్ల దగ్గర, తనకే ఏదో పాడైపోయిందని ఒక్కతే అనుకుంటూ కూర్చుంది. అంతవరకూ ఆవిడకి సిగ్గన్నదైనా వేయలేదు, ఇప్పుడు వేసింది.

"మరి అత్త తీసుకెళ్తానంటే, వెళ్ళనని నాతో ఎందుకు చెప్పలేదు?"

"నువ్వడగలేదుగా."

బొమ్మలమ్మ ఫోను తీసింది. వదినగారు ఒక్క రింగుకే ఎత్తి, ఏమైందమ్మా, పిల్ల బాగుందా, ఒంట్లో ఎలా ఉంది అని వరసగా అడిగేసింది.

"బాగానే ఉంది వదినా. ఆదివారం మీరు రండి. భోజనం చేసి, వీలైతే రెండ్రోజులుండి వెళ్ళండి. పిల్లని మాత్రం పంపను."

అవతల కట్ట తెగింది. "మరి ఆరోజు మీ ఇష్టం అన్నావుగా. నేను గది ఖాళీ చేయించానమ్మా. మంచం వేయించా. దాని కోసం గోడకి రంగు కూడా వేయించా. ఇంతలో ఏమొచ్చింది?"

"నాదే తప్పు వదినా. ఆరోజు ఆలోచించి అనలేదు."

"సరే, ఒక్కటి చెప్పు. నా మీద ఒట్టేసి చెప్పు. ఆ పిల్లంటే నీకు ప్రేమ ఉందా అసలు? నా తమ్ముడు పోతే కంట్లో చుక్క రాలేదు నీకు. అలాంటిదానివి, రేపు దాన్నేం చూస్తావు?"

వదిన అడిగిన దాంట్లో అన్యాయం లేదు. అడగాల్సిన మనిషే అడిగింది. పక్కన గువ్వ జవాబు కోసం ఈవిడ వంకే చూస్తోంది, ఫోనులో గొంతు బయటికి వినిపిస్తోంది కాబట్టి.

"ఇప్పుడు నాకేమీ తెలీట్లేదు వదినా. ఉందని మీతో చెప్పి, తర్వాత దానికి అబద్ధం చెప్పలేను. పిల్ల మాత్రం నా దగ్గరే ఉంటుంది."

వదినగారు భోరున ఏడ్చింది. తమ్ముణ్ణి పేరు పెట్టి పిలిచి, చూశావురా అంది. ఆ ఏడుపు నిజమైనది, అందులో నటనేమీ లేదు. బొమ్మలమ్మ ఫోను చెవికి ఆనించుకుని అలాగే వింటూ కూర్చుంది.

గువ్వ చెయ్యి చాచింది. ఈవిడ ఫోను ఇచ్చింది.

"అత్తా, నేనే. ఏడవకు. ఆదివారం నువ్వు రా. నేను మాత్రం రాను."

"ఎందుకు రావమ్మా?" అత్త గొంతు బొంగురుపోయింది. "ఈ అత్తంటే ఇష్టం లేదా నీకు?"

"ఇష్టమే," అంది గువ్వ. "నాకు ఏడుపొచ్చినప్పుడు వస్తానత్తా."

అవతల ఏడుపు ఆగిపోయింది. గువ్వ ఫోను పట్టుకుని ఓపిగ్గా ఆగింది. ఆ తర్వాత అత్త, తమ్ముడు పోయాక మొదటిసారి ఏడవకుండా, మామూలు గొంతుతో, "సరేనమ్మా," అంది.